ఏడో నంబరు సూటులో తడి

ఆ మంగళవారం ఉదయం కోల్బెయిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిగంటలకి వచ్చేవాళ్ళని ఐస్‌లాండ్‌లో సిల్ఫ్రా అనే నీళ్ళు నిండిన రాతి చీలికలో దింపాలి, అరగంటసేపు నీళ్ళ అడుగున తిప్పాలి, పొడిగా దింపినవాళ్ళని పొడిగానే పైకి తేవాలి. ఆ తర్వాత ఊళ్ళో ఈతకొలను పక్కనున్న వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి కూర్చుని, నలుగురితో లోకాభిరామాయణం మాట్లాడుకోవాలి. అంతకుమించి ఆ రోజు నుంచి అతను ఏమీ ఆశించలేదు.

అసలు చిక్కంతా ఆ 'పొడిగా' దగ్గరే ఉంది. చీలికలో నీళ్ళు ఎండాకాలమైనా చలికాలమైనా రెండు డిగ్రీలే. అందుకే దిగేవాళ్ళకి ముందు ఉన్ని సూటు తొడిగి, దానిమీద చుక్క నీరు లోపలికి రానివ్వని డ్రై సూటు వేస్తారు. ఆ డ్రై సూట్లు ఎక్కడ చిరిగినా అతుకు వేసేది కోల్బెయినే. కిందటి నెల అతను అతుకువేసిన సూట్లలో దిగిన ఇద్దరు తడిసి ముద్దయి పైకొచ్చారు. అందులో ఒకావిడ పళ్ళు టకటకలాడుతుంటే ఆవిడ మొగుడు ఓదార్చడం మానేసి వీడియో తీశాడు. అది కంపెనీ యజమాని డగ్నీ దాకా వెళ్ళింది.

"ఇంకొక్క అతిథి, ఒక్కడంటే ఒక్కడు, తడిసి పైకొచ్చాడంటే నువ్వు నీళ్ళలో దిగడం ఆ రోజుతో సరి. ఆ బల్ల దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి కోకో పోసిద్దువుగాని" అంది డగ్నీ.

"పద్నాలుగేళ్ళ బట్టీ దిగుతున్నాను డగ్నీ!"

"అందుకే కోకో. లేకపోతే ఇంటికే పంపేదాన్ని."

కోల్బెయిన్‌కి నిజంగానే భయం పట్టుకుంది. గట్టుమీద అతను దేనికీ పెద్దగా పనికిరాడు. కారు వంకరగా ఆపుతాడు, పేకాటలో ఓడిపోతాడు, ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో పెళ్ళాన్ని అడిగిగానీ తెలుసుకోలేడు. నీళ్ళలో దిగాక మాత్రం ప్రతి రాయీ అతనికి తెలుసు, ఎక్కడ ఏం చెయ్యాలో తెలుసు. అది కాస్తా పోతే తనకింకేం మిగులుతుందన్నది అతని దిగులు. ఆ దిగులు రెండు వారాలుగా ముదిరి ముదిరి అనుమానంగా తయారైంది.

ఆ రోజు పదిగంటలకి రావలసినవాళ్ళు ముగ్గురు. దంపతులు జలుబని మానేశారు. మిగిలినవాడు ఒక్కడే, పేరు ఔదున్. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పొడుగ్గా, తెల్లటి గుబురు కనుబొమలతో ఉన్నాడు. ఐస్‌లాండ్ వాడు. కోల్బెయిన్ మొదటి అనుమానం అక్కడే మొదలైంది. ఆ దేశంలో పుట్టినవాడెవడూ డబ్బిచ్చి మరీ ఆ చలినీళ్ళలో దిగడు. దిగడానికి పరదేశీయులున్నారు, దింపడానికి వీళ్ళున్నారు.

రెండో అనుమానం కాసేపటికే వచ్చింది. ఔదున్ ఎవరినీ ఏమీ అడగకుండా సూటు మెడపట్టీకి తనే పౌడరు రాసుకున్నాడు, జిప్పుకి తనే మైనం పట్టించాడు. డాక్టరు చీటీ, పాత డైవింగ్ సర్టిఫికెట్టు అడక్కముందే తీసి బల్లమీద పెట్టాడు. తనకిచ్చిన ఏడో నంబరు సూటుని వెలుతురుకి ఎత్తి చూసి, తొడ దగ్గర అతుకుమీద వేలితో తట్టాడు.

"ఇదెవరు వేశారు?"

"ఎందుకు?" అన్నాడు కోల్బెయిన్.

"ఊరికే అడిగానయ్యా."

ఊరికే ఎవరూ ఏమీ అడగరని కోల్బెయిన్‌ నమ్మకం. ఔదున్ ఉన్ని సూటు తొడుక్కోవడానికి వ్యానెక్కి, లోపల గడియ పెట్టుకుని పావుగంట బయటికి రాలేదు.

"లోపలేం చేస్తున్నారు పెద్దాయనా?"

"బట్టలు మార్చుకుంటున్నానయ్యా. ఇంకేం చేస్తాను?"

బయటికొచ్చేసరికి ఇందాక లేని బొజ్జ ఒకటి కనబడింది. ఉన్ని మందమేమో అని సరిపెట్టుకోబోయాడు గాని, మనసొప్పలేదు. ఔదున్ ఆ బొజ్జమీద చెయ్యి వేసుకునే నడుస్తున్నాడు.

కోల్బెయిన్ వ్యాను వెనక్కి వెళ్ళి ఫోను తీశాడు. ఆ దేశంలో పుట్టిన ప్రతివాళ్ళ పేర్లూ తాతముత్తాతలతో సహా ఒక వంశాల రిజిస్టరులో ఉంటాయి. రెండు పేర్లు కొడితే చాలు, వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో చెప్పేస్తుంది. కోల్బెయిన్ ఔదున్ పేరూ డగ్నీ పేరూ కొట్టాడు. ఎనిమిది తరాల వెనక ఇద్దరికీ ఒకే మూలపురుషుడు, ఎక్కడో పడమటి తీరాన ఒక చర్చి పాదిరీ అని వచ్చింది.

"దొరికాడు దొంగ" అనుకున్నాడు కోల్బెయిన్. నాలుగు లక్షల మంది కూడా లేని దేశంలో ఏ ఇద్దరిని తీసుకున్నా ఎనిమిదో తరం దగ్గర ఎక్కడో కలిసి తీరతారు. ఆ సంగతి అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ అనుమానం వచ్చిన మనిషికి తెలిసిన సంగతులు అక్కరకి రావు. డగ్నీ తన చుట్టాన్ని పంపింది, వీడు నీళ్ళలో సూటు జిప్పు కాస్త లాగి కావాలని తడుస్తాడు, తను కోకో దగ్గరికి పోతాడు. లెక్క సరిపోయింది.

రెండో గైడు హల్బెరా పక్కనే ఆరుగురికి మాస్కులు బిగిస్తోంది. వాళ్ళు అడుక్కి వెళ్ళరు, నీటిమీద తేలుతూ కిందకి చూస్తారు. కోల్బెయిన్ ఆమె చెవిలో ఊదాడు.

"వాడు డగ్నీ మనిషి."

"ఎవరూ, ఆ పెద్దాయనా? నీకెలా తెలుసు?"

"చుట్టాలు. ఎనిమిదో తరం."

"గురూ, ఎనిమిదో తరం దాకా పోతే మా కుక్క కూడా డగ్నీకి చుట్టమే" అని హల్బెరా తన ఆరుగుర్నీ ఇనుపమెట్ల వైపు తోలుకుపోయింది. మెట్ల దగ్గర అలవాటు ప్రకారం అందరిచేతా ఒక్కొక్క గుక్క చీలిక నీళ్ళు తాగించింది. ఇంత శుభ్రమైన నీళ్ళు మళ్ళీ జన్మలో దొరకవని చెబితే వాళ్ళు పోటీపడి రెండో గుక్క కూడా తాగారు.

కోల్బెయిన్ ఔదున్‌ని దింపాడు. మామూలుగా గైడు ముందు వెళ్ళాలి, అతిథి వెనక రావాలి. ఆ రోజు కోల్బెయిన్ కళ్ళలో వత్తులు వేసుకుని, ఔదున్ ముఖంలో ముఖం పెట్టి వెనక్కి వెనక్కి ఈదాడు. ఔదున్ ఎడమపక్క గోడ చూడబోతే అక్కడ కోల్బెయిన్. కుడిపక్క చూడబోతే అక్కడా కోల్బెయినే. ఔదున్ చేత్తో పక్కకి జరగమన్నట్టు ఊపాడు. దృష్టి మళ్ళించి జిప్పు లాగే ఎత్తు ఇదేనని కోల్బెయిన్ ఇంకో జానెడు ముందుకి జరిగాడు.

చీలిక విశాలమయ్యే చోట, పది మీటర్ల లోతున, ఔదున్ చెయ్యి బొజ్జమీదికి పోయింది. డ్రై సూటు జిప్పు ఛాతీ నుంచి నడుందాకా ఏటవాలుగా వస్తుంది. కోల్బెయిన్ లటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఔదున్ రెండో చెయ్యి తెచ్చాడు, అదీ పట్టుకున్నాడు. ఔదున్ వదలమని గింజుకున్నాడు. అతను గింజుకున్నకొద్దీ కోల్బెయిన్‌కి నమ్మకం బలపడింది. చివరికి చేతులు చాలక అతన్ని నడుం దగ్గర రెండు చేతులా చుట్టేసి గట్టిగా కౌగిలించుకున్నాడు.

ఔదున్ కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. తర్వాత నెమ్మదిగా, మాస్కు వెనక ఆ ముఖంలోకి గొప్ప ప్రశాంతత వచ్చి చేరింది. పద్నాలుగేళ్ళుగా చలినీళ్ళలో మనుషుల్ని తిప్పుతున్న కోల్బెయిన్‌కి ఆ ప్రశాంతత బాగా తెలుసు. చలికి ఆగలేక సూటులోనే కానిచ్చేసిన ప్రతి మనిషి ముఖంలోనూ అతను దాన్ని చూశాడు. పైన తేలుతున్న ఆరుగురూ, హల్బెరాతో సహా, అడుగున ఇద్దరు మగవాళ్ళు అలా కదలకుండా కౌగిలించుకుని ఉండటాన్ని చాలాసేపు చూశారు.

పైకొచ్చాక ఔదున్ కాళ్ళు ఎడంగా వేస్తూ వ్యాను దాకా నడిచాడు. లోపల డ్రై సూటు విప్పి చేత పట్టుకుని బయటికొస్తే ఉన్ని సూటు నడుం నుంచి మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది.

"సూటు కారింది" అన్నాడు ఔదున్, ఎటో చూస్తూ.

కోల్బెయిన్ సూటు కాలులోకి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. మరుక్షణం అతని ముఖం వెలిగిపోయింది. అతిథి సూటులో పాసు పోసినందుకు అంత సంతోషపడ్డ గైడు ఆ దేశంలో అంతకుముందు పుట్టి ఉండడు.

"వెచ్చగా ఉంది! హల్బెరా, ఇటురా, చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంది!"

"నేను పెట్టను" అంది హల్బెరా.

"చీలికలో నీళ్ళు రెండు డిగ్రీలు. ఇవి గోరువెచ్చన. అంటే ఏమిటి పెద్దాయనా? బయటి నీళ్ళు లోపలికి రాలేదన్నమాట."

"అంటే నీ ఉద్దేశం?"

"నా ఉద్దేశం మీకు తెలుసు."

"నేనా? ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే."

ఔదున్ ముఖం కందగడ్డ అయింది. నోరు తెరిచి ఏదో చెప్పబోయి, నీళ్ళు నమిలి, "కారింది. సూటే కారింది" అని మళ్ళీ అదే మాట అన్నాడు. కోల్బెయిన్ సూటుని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఏ వాసనా లేదు. దాంతో అతనికి కొత్త అనుమానం వచ్చింది.

"మందులేమైనా వాడుతున్నారా?"

ఈ గొడవంతా హల్బెరా వెంట వచ్చిన ఆరుగురూ నిలబడి వింటున్నారు. వాళ్ళలో ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు, డెన్మార్క్ వాడు. అతను చెయ్యెత్తాడు.

"ఆయన పోసింది మేం తాగిన నీళ్ళలోనా?"

"సూటులోంచి చుక్క కూడా బయటికి రాదండీ. అంతా లోపలే ఉంటుంది" అంది హల్బెరా.

"మరి ఆయన సూటు కారిందంటున్నాడే?"

కారిందని ఒకడు, పోశాడని ఇంకొకడు ఎవరి పట్టు వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఆరుగురూ ఇద్దరి మాటా నమ్మి, కారే సూటులో పోశాడని తేల్చుకున్నారు. పళ్ళ డాక్టరు భార్య గడ్డిమీద ఉమ్మడం మొదలుపెట్టింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. అప్పుడే దిగబోతున్న వేరే కంపెనీల వాళ్ళు ఈ ఉమ్ముళ్ళు చూసి ఆగి, కారణం అడిగి, తామూ ఉమ్మారు. ఐదు నిమిషాల్లో అక్కడి నేషనల్ పార్కు రేంజరు వచ్చి మెట్లకి అడ్డంగా తాడు కట్టేశాడు.

"విషయం తేలేదాకా ఎవరూ దిగడానికి వీల్లేదు" అన్నాడు.

"తేలిపోయింది. ఆయన పోశాడు" అన్నాడు కోల్బెయిన్.

"కారింది!" అన్నాడు ఔదున్.

వెనక వ్యాన్లు బారులు తీరాయి. రేంజరు ఈ సంగతి ఫోన్లో భార్యకి చెప్పాడు. ఆవిడ ఈతకొలను టిక్కెట్ల కిటికీలో కూర్చునే చెల్లెలికి చెప్పింది. చెల్లెలు వెళ్ళి వేడినీళ్ళ తొట్టిలో ఉన్నవాళ్ళకి చెప్పింది. అక్కడికి చేరేటప్పటికి ఒక బస్సు నిండా జనం చీలికలో వరసగా నిలబడి కానిచ్చారన్న దాకా వచ్చింది. ఆ తొట్టిలో ఓ మూల డగ్నీ కూర్చుని ఉంది.

తడిజుట్టుతో, స్నానపు తువ్వాలు మీద కోటు తొడుక్కుని ఆమె కారు దిగింది. చుట్టూ చూసింది.

"బస్సేది?"

"బస్సు లేదు. ఈయనొక్కడే" అన్నాడు రేంజరు.

"సూటు కారలేదు డగ్నీ, నీమీదొట్టు. ఈయనే పని కానిచ్చాడు. ఎందుకో నీకూ తెలుసు, నాకూ తెలుసు. రిజిస్టరులో చూశాను, మీరిద్దరూ చుట్టాలు! నన్ను నీళ్ళలోంచి తప్పించి గట్టుమీద కూర్చోబెట్టడానికి నువ్వే పంపావు!" అన్నాడు కోల్బెయిన్.

డగ్నీ ఔదున్‌ని ఎగాదిగా చూసింది. ఆ మనిషిని ఆమె జన్మలో చూసి ఉండలేదు. కోల్బెయిన్ చేతిలోంచి ఫోను లాక్కుని, తన పేరు తీసేసి కోల్బెయిన్ పేరు పెట్టింది. వచ్చింది చదివి కనుబొమలెత్తింది.

"నాకు ఎనిమిదో తరం. నీకు మూడో తరం. మీ ఇద్దరికీ ముత్తవ్వ ఒక్కతే, సాల్గెర్ద్."

తన పేరు కొట్టి చూడాలన్న ఆలోచన కోల్బెయిన్‌కి తట్టనే లేదు.

"ఇప్పుడర్థమైంది. కిందటి నెల తడిసిన ఇద్దరూ కూడా ఇలాగే కానిచ్చారని నన్ను నమ్మించాలి, నీ అతుకులు బంగారమనిపించుకోవాలి. దానికి ఓ చుట్టాన్ని పిలిపించి సూటులో పోయించావు. అవునా?" అంది డగ్నీ.

అందరూ కోల్బెయిన్ వైపు చూశారు. నిజం చెప్పాలంటే ఆ లెక్క అతని లెక్క కంటే చక్కగా సరిపోయింది. రేంజరు జేబులోంచి కాగితం తీసి, "మాట్లాడుకునే వచ్చారా?" అని ఔదున్‌ని అడిగాడు.

"చాలు!" అని అరిచాడు ఔదున్. "చుట్టరికానికి వెళ్ళి సూటులో పోసొచ్చేవాణ్ణి కాదు నేను!"

విసురుగా వ్యానెక్కి, సీటు కింద తను దాచిన దాన్ని తీసుకొచ్చి బల్లమీద పడేశాడు. అది రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్. పైన నీలం తెలుపు ఉన్నితో అల్లిన తొడుగు ఉంది. మూత సగం ఊడి వేలాడుతోంది.

"మా ఆవిడది. మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే ఇచ్చింది. మోకాళ్ళ దగ్గర నిలవక పొట్ట దగ్గర పెట్టుకున్నాను. జారుతుంటే సర్దుకోబోయాను, ఇతగాడు వచ్చి పీక పిసికినట్టు కౌగిలించుకుంటే మూత ఊడింది."

పళ్ళ డాక్టరు భార్య ఉమ్మడం ఆపింది.

"అదేదో ముందే చెప్పొచ్చుగా పెద్దాయనా" అన్నాడు కోల్బెయిన్ నీరసంగా.

"ఎలా చెప్పను? రేవులో ముప్పై ఒక్క ఏళ్ళు డైవరుగా చేశాను. మంచు కురుస్తుంటే దిగి పడవల ప్రొపెల్లర్లకి చుట్టుకున్న వలలు కోశాను. ఒక్కనాడు వేడినీళ్ళ సంచీ పెట్టుకున్నవాణ్ణి కాదు. నలుగురిలో సిగ్గేసింది" అన్నాడు ఔదున్. గొంతు తగ్గించాడు. "రేవులో నీళ్ళంటే నీకు తెలియదబ్బాయ్. బురద, డీజిలు. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. వేళ్ళతో తడుముకుంటూ పని చెయ్యడమే. ముప్పై ఒక్క ఏళ్ళు నీళ్ళలో ఉన్నాను, నీళ్ళ లోపల ఏముంటుందో ఎన్నడూ చూడలేదు. ఒక్కసారి చూద్దామని వచ్చాను. ప్రపంచంలోకెల్లా తేట నీళ్ళలో దిగి, అరగంటసేపూ నీ ముఖం చూసొచ్చాను."

కోల్బెయిన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. తన పని పోతుందన్న భయంతో ఇంకొకడి ముప్పై ఏళ్ళ కోరికకి అడ్డంగా నిలబడ్డానని అతనికి అప్పుడు తెలిసింది. ఏడో నంబరు సూటు తీసుకుని, మెడా చేతులూ బిగించి కట్టి, గాలి నింపి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. ఒక్క బుడగ కూడా రాలేదు.

"అతుకు గట్టిదే. సూటు కారలేదు" అంది డగ్నీ.

"కారలేదు. కానీ నువ్వన్నది సూటు సంగతి కాదు. అతిథి తడవకూడదన్నావు. ఈయన తడిశాడు, తడిపింది నేను" అన్నాడు కోల్బెయిన్. "కోకో ఎక్కడుంది?"

డగ్నీ అతన్ని కాస్త వింతగా చూసింది. అతను తప్పు ఒప్పుకోవడం ఆమె చూడటం అదే మొదటిసారి.

"ఆగమ్మా" అన్నాడు ఔదున్. "ఇతను కోకో పోస్తే నాకేం ఒరుగుతుంది? నన్ను రేపు మళ్ళీ దింపించు. గైడు లేకుండా దిగకూడదంటావు, సరే, ఇతన్నే పంపు. ఎంతైనా ముత్తవ్వ ఒక్కతే. కాకపోతే నా ముందు ఎవరూ ఉండటానికి వీల్లేదు."

"మీ ముందే కాదు, ఎవరి ముందూ ఉండడు. ఈ సీజనంతా వెనకాలే" అంది డగ్నీ.

రేంజరు తాడు విప్పాడు. వ్యాన్లు కదిలాయి. వేడినీళ్ళ తొట్టిలో మాత్రం ఆ బస్సు కథ ఇంకో వారం నడిచింది.

మర్నాడు పదిగంటలకి ఔదున్ ఏమాత్రం తొందరపడకుండా దిగాడు. ప్రతి బండ దగ్గరా ఆగాడు. నీలం ముదిరే చోట పావుగంట అలా వేలాడుతూ ఉండిపోయాడు. పైకొచ్చి మాస్కు తీశాడు. "ఎలా ఉంది?" అని డగ్నీ అడిగితే, "కనబడింది" అన్నాడు. ఆ ఒక్క మాటకి కోల్బెయిన్ కళ్ళు చెమర్చాయి.

వంద మీటర్ల దాకా తేటగా కనబడే ఆ నీళ్ళలో, వెనకాలే ఈదిన కోల్బెయిన్‌కి ఆ రోజు కనబడ్డవి ఔదున్ కాళ్ళకున్న రెండు ఈతరెక్కలే.